సామాను లేదని ఆగకండి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తక్కువ ఖర్చుతో దూరప్రయాణాలు ఎలా చేయాలో చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నేను ఉపన్యాసకుణ్ని కాను. ముప్పై మూడేళ్లు ఆర్టీసీ గ్యారేజీలో బస్సుల కింద పడుకొని పనిచేసినవాణ్ని. రిటైరయ్యాక ఒక పాత మారుతీ ఓమ్నీ తీసుకొని, మా ఆవిడా నేనూ సూర్యలంక సముద్రం దగ్గర నుంచి లేహ్ దాకా తిరిగాం. చాలా రాత్రులు ఆ బండిలోనే పడుకున్నాం, దాని పక్కనే వండుకున్నాం. పడక, పొయ్యి, స్నానాల గొట్టం, దీపాలు అన్నీ ఇంట్లో చేసుకున్నవే. అందుకే నన్ను పిలిచారనుకుంటాను.

ఇలాంటి ప్రయాణాన్ని ఇప్పుడు ఓవర్‌ల్యాండింగ్ అంటున్నారు. దానికి ప్రత్యేకంగా దుకాణాలున్నాయి. కారు నెత్తిన పరిచే గుడారం ఒక్కటే లక్ష రూపాయలకు అటూ ఇటూగా ఉంది. మడత కుర్చీలు, మడత పొయ్యిలు, కారు ఫ్రిజ్‌లు వేరే. "అవన్నీ అమరాక వెళ్దాంలే" అని ఏళ్ల తరబడి అనుకుంటున్నవాళ్లు మన బ్యాచిలోనే ఉన్నారు. ఒకరిద్దరు అనుకుంటూనే మనల్ని వదిలి వెళ్లిపోయారు కూడా. వాళ్లకు డబ్బు లేక కాదు, సామాను లేదని ఆగారు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఈ సామానులో ఎక్కువ భాగం చేత్తో చేసుకోవచ్చు. మన చేత్తో చేసుకున్నది దారిలో విరిగితే మన చేత్తోనే బాగవుతుంది. అయితే నాలుగు చోట్ల మాత్రం చౌక చూసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ నాలుగూ ఏవో కూడా చెప్తాను.

ఇది మనకు కొత్త కాదు

మన చిన్నప్పుడు శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు గూడుబండ్లు కట్టుకొని వెళ్లేవాళ్లం. బండిలో గడ్డి పరిచి, దాని మీద బొంత వేసేవాళ్లు. ఆ గడ్డే రాత్రికి ఎద్దులకు మేత. చెట్టు కింద మూడు రాళ్లు పెట్టి అన్నం వండేవాళ్లు. బండి కింద పిల్లలు పడుకునేవాళ్లు. ఒక్క వస్తువూ ప్రయాణం కోసమని కొన్నది కాదు.

ఇంకా వెనక్కి పోతే, ఏనుగుల వీరాస్వామయ్యగారు ఉన్నారు. మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఆయనకు పల్లకీలు, డేరాలు, పెద్ద పరివారం ఉన్నాయి. మనకు అంత లేదు. కానీ ఆయన ప్రతి మజిలీలోనూ చూసుకున్నది నీళ్లు ఎలా ఉన్నాయి, సరుకులు దొరుకుతాయా, దిగడానికి చోటుందా అనే. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత, అదే హైదరాబాదు నుంచి అదే నాగపూరుకు 44వ నంబరు జాతీయ రహదారి మీద పోతూ మేము చూసుకున్నదీ అదే.

బండి, పడక

ఓమ్నీనే ఎందుకు అంటే అది పెట్టెలాగా ఉంటుంది. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు. పక్క తలుపులు జరుగుతాయి కాబట్టి ఇరుకు సందులోనూ దిగొచ్చు. 2019లో తయారీ ఆపేసినా, విడిభాగాలు ఇప్పటికీ చిన్న ఊళ్లలో దొరుకుతున్నాయి. ఓమ్నీయే కావాలని లేదు. మీ దగ్గర ఏ బండి ఉంటే అదే మంచిది.

ఒక సంగతి మాత్రం మొదటే తెలుసుకోవాలి. బండి నిర్మాణాన్ని మన ఇష్టం వచ్చినట్లు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. అందుకని నేను వెల్డింగు చేయించలేదు, బాడీకి ఒక్క రంధ్రం కూడా వేయలేదు. లోపల పెట్టినవన్నీ పది నిమిషాల్లో తీసేయగలిగినవే. తీసేస్తే మళ్లీ మామూలు బండి, మనవళ్లను బడిలో దింపడానికి పనికొస్తుంది.

పడకకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మూడు ముక్కలు కోయించి మడతబందులు వేశాను. పగలు మడిచి వెనక పెడతాం. రాత్రి ముందు సీట్లు ముందుకు జరిపి, వెనక సీటు మడిచి, దాని మీద పరుస్తాం. పొడవు ఆరడుగులకు కాస్త తక్కువే వస్తుంది. మా ఇద్దరిలో ఎవరమూ ఆరడుగులు లేం కాబట్టి ఇబ్బంది లేదు. చెక్క కింద కూరగాయల మార్కెట్లో టమాటాలు పోసే ప్లాస్టిక్ ట్రేలు నాలుగు పట్టాయి. అవే కాళ్లు, అవే సొరుగులు. ఒకదాంట్లో వంట సామాను, ఒకదాంట్లో బట్టలు, ఒకదాంట్లో పనిముట్లు, నాలుగోదాంట్లో మందులు, టార్చిలైటు. మందుల ట్రే ఎప్పుడూ తలుపు దగ్గరే ఉండాలి. చీకట్లో వెతుక్కోకూడదు.

పరుపు కొనలేదు. మా ఆవిడ పాత చీరలతో రెండు బొంతలు కుట్టింది. కిటికీలకు దోమతెర ముక్కలు కోసి, అంచుల్లో చిన్న అయస్కాంతాలు పెట్టి కుట్టింది. తలుపు రేకుకు అవే అతుక్కుంటాయి. రాత్రి రెండు వైపులా కిటికీ అద్దాలు రెండు వేళ్ల మేర దించి ఉంచుతాం. లేకపోతే మన ఊపిరి ఆవిరికే తెల్లారేసరికి బొంతలు చెమ్మగిల్లుతాయి.

పట్టా, తాళ్లు

బండి పక్కన నీడకు మిరపకాయలు ఎండబోసే పట్టాయే వాడతాం. మన పల్నాడులో ప్రతి రైతింట్లోనూ ఉంటుంది. రెండు వెదురు గడలు, నైలాను తాళ్లు, కమ్మరి చేత చేయించిన ఆరు ఇనుప మేకులు. నేల మీద పరుచుకోవడానికి పాత ఫ్లెక్సీ. ఎన్నికలైపోయాక ఎవరినడిగినా ఉచితంగా ఇస్తారు. బోర్లా వేసి కూర్చుంటే ఏ పార్టీ అయినా ఒకటే, తడి పైకి రాదు.

గడలు గాలికి పడిపోకుండా ఎలా నిలబెట్టాలో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. కోటప్పకొండకు పోయే ప్రభలను చూడండి. అంత ఎత్తు కట్టడం వెదుళ్లు, తాళ్ల మీదే నిలబడుతుంది. దాన్ని నిలబెట్టేది వెదురు లావు కాదు, నాలుగు వైపులా సమానంగా లాగి పట్టిన మోకులు. మన చిన్న పట్టాకూ అదే సూత్రం. తాడు గడ నుంచి ఏటవాలుగా బయటికి పోవాలి, మేకు గడకు ఎదురు దిశలో వాలి ఉండాలి.

డ్రిల్లు మాస్టారు స్కౌట్స్‌లో మనతో కట్టించిన రీఫ్ నాట్, క్లోవ్ హిచ్ మీలో ఎంతమందికి గుర్తున్నాయో తెలియదు. నాకు ఆ రెండూ, లారీ మీద సరుకు బిగించేవాళ్లు వేసే జారుముడి ఒకటీ, మొత్తం మూడు ముడులతోనే అన్ని పనులూ జరిగాయి.

మధ్యప్రదేశ్‌లో సివనీ దాటాక ఒక సాయంత్రం గాలివానకు పట్టా మూల రింగు ఊడిపోయింది. కొన్న గుడారమైతే దానికి సరిపడే విడిభాగం కావాలి. మేము ఒక గులకరాయి ఏరి, పట్టా మూలలో పెట్టి చుట్టి, రాయి వెనక తాడు బిగించాం. రింగు ఉన్నప్పటికంటే గట్టిగా నిలిచింది. ఇంటికి వచ్చాక కూడా ఆ రాయి తీయలేదు.

నీళ్లు, మరుగు

ఇద్దరికి రెండు రోజులకు నలభై లీటర్లు లెక్క. అంటే ఇరవై లీటర్ల క్యాన్లు రెండు. అది నలభై కిలోల బరువు కూడా కాబట్టి బండిలో నేలకు ఆనించి, మధ్యలో పెట్టాలి. నెత్తిన పెడితే మలుపుల్లో బండి ఊగుతుంది.

స్నానానికి నాలుగంగుళాల పీవీసీ గొట్టం అయిదడుగులు తీసుకున్నాను. రెండు కొసలా మూతలు, ఒక కొసకు చిన్న కుళాయి. నల్లరంగు వేసి క్యారియరు మీద కట్టాను. పన్నెండు లీటర్లు పడతాయి. ఎండలో మూడు గంటలు ఉంటే గోరువెచ్చని నీళ్లు. పై వైపు గాలి పోవడానికి చిన్న రంధ్రం తప్పనిసరి. అది లేకపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి మూత ఊడుతుంది, కుళాయి తిప్పినా నీళ్లు సరిగా రావు.

ఆడవాళ్ల సంగతి ప్రయాణాల గురించి చెప్పేవాళ్లు చాలామంది దాటేస్తారు. నేను దాటేయను. మా ఆవిడ పెళ్లయిన నలభై ఏళ్లలో చుట్టాల ఇళ్లు, ఆస్పత్రి తప్ప మరోచోట రాత్రి ఉండి ఎరగదు. ఆమె మొదటి ప్రశ్న, "పొద్దున్నే ఎక్కడికి పోవాలండీ?" అనే. మూత గట్టిగా పట్టే బకెట్టు, దాని మీద కూర్చోవడానికి రంధ్రం కోసిన చెక్క, ఒక సంచెడు రంపపు పొట్టు, చుట్టూ కట్టడానికి నాలుగు సన్న వెదుళ్లు, రెండు ముదురు రంగు చీరలు. పొట్టు చల్లితే వాసన రాదు. ఈ ఏర్పాటు చూశాకే ఆమె బయలుదేరడానికి ఒప్పుకుంది. చేసిన సామాను మొత్తంలో ఇదే ముఖ్యమైనదని ఇప్పటికీ అంటుంది.

వంట

అయిదు కిలోల గ్యాసు బండ, ఒక పొయ్యి. వంట ఎప్పుడూ బండి బయటే. రెగ్యులేటరు బిగించిన ప్రతిసారీ సబ్బు నురగ రాసి చూడటం, వంట కాగానే వాల్వు కట్టేయడం మా ఇంటి ఆచారం.

గ్యాసు ఆదాకు పాత పద్ధతి ఒకటుంది. చేపల మార్కెట్లో పారేసే థర్మాకోల్ పెట్టెను బాగా కడిగి, ఎండబెట్టి, లోపల పాత బొంత పరిచాం. నానిన బియ్యం గిన్నె పొయ్యి మీద అయిదు నిమిషాలు తుకతుక ఉడకనిచ్చి, మూత తీయకుండా ఆ పెట్టెలో పెట్టి కప్పేస్తాం. ముప్పావు గంటలో తన వేడికి తానే ఉడుకుతుంది. అన్నం అయ్యేలోపు నేను పట్టా కడతాను.

ఎత్తుకు పోయేకొద్దీ ఇది పనిచేయదు. సుమారు మూడు వందల మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున నీళ్లు మరిగే వేడి తగ్గుతుంది. లేహ్ మూడున్నర వేల మీటర్ల ఎత్తు. అక్కడ నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఎంతసేపు ఉంచినా పప్పు ఉడకదు. అందుకే చిన్న కుక్కరు వెంట ఉండాలి. వంట కుదరని రోజుకు అటుకులు, పేలపిండి, కారప్పొడి, గోంగూర పచ్చడి. మొదటి రెండు రోజులకు ఇంటి నుంచి తెచ్చిన పులిహోర.

కరెంటు, లెక్క

మాకు కావలసింది రాత్రికి ఒక చిన్న ఫ్యాను, రెండు ఎల్‌ఈడీ దీపాలు, రెండు ఫోన్లు. ఫ్యాను 15 వాట్లు, ఎనిమిది గంటలకు 120. దీపాలకు 20, ఫోన్లకు 30. మొత్తం 170 వాట్ అవర్లు. సీసం బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా పాడవుతుంది. కాబట్టి 12 వోల్టులు, 40 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒకటి, 100 వాట్ల సోలార్ పలక ఒకటి సరిపోయాయి. ఫ్యూజును బ్యాటరీ పక్కనే వేయాలి. వైరు ఎక్కడో ఒరుసుకొని తగలబడకుండా కాపాడేది అదొక్కటే.

ఇక ఖర్చు. ప్లైవుడ్, మడతబందులు 4,200. పట్టా, తాళ్లు, మేకులు 1,800. క్యాన్లు 900. గొట్టం, కుళాయి 1,100. బ్యాటరీ 4,500. సోలార్ పలక 3,500. ఫ్యాను, దీపాలు, ఫ్యూజులు 1,600. దోమతెరలు, అయస్కాంతాలు 500. ట్రేలు 600. అన్నీ కలిపి 18,700 రూపాయలు. ఇది ఒక్కసారి పెట్టిన ఖర్చు. ఆ సామానుతోనే అన్ని ప్రయాణాలూ చేశాం. పెద్ద ఖర్చంతా పెట్రోలుకే. దాన్ని ఇంట్లో తయారు చేసుకోలేం కదా!

చౌక పనికిరాని నాలుగు చోట్లు

మొదటిది టైర్లు, బ్రేకులు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడి బాగానే ఉన్నా, ఆరేళ్లు దాటిన రబ్బరును కొండదారికి నమ్మకండి. బ్రేకు ఆయిలు గాలిలో తేమను పీల్చుకుంటుంది. తేమ పట్టిన ఆయిలు పొడవాటి దిగుడులో వేడెక్కి మరిగితే పెడలు నేలకు దిగిపోతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి మార్చండి. దిగేటప్పుడు చిన్న గేరులో దిగండి. ఇక్కడ మిగిల్చే నాలుగు వేలు మిగులు కాదు.

రెండోది నిప్పు. చలికి బొగ్గుల కుంపటి లోపల పెట్టుకొని తలుపులు మూసి పడుకున్నవాళ్లు తెల్లారేసరికి లేవని వార్తలు ఉత్తరాదిలో దాదాపు ప్రతి చలికాలమూ వస్తాయి. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మగతగా ఉంటుంది, నిద్ర అనుకుంటారు. బండిలోనైనా గుడారంలోనైనా కుంపటి, గ్యాసు పొయ్యి, నడుస్తున్న ఇంజను, ఏదీ వద్దు. చలికి ఇంకో బొంత కప్పుకోండి. వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోండి.

మూడోది దిగే చోటు. ఎండిన వాగు ఇసుక మెత్తగా, చదునుగా ఉండి రమ్మని పిలుస్తుంది. ఎగువన ఎక్కడో వాన పడితే మనకు చినుకు లేకుండానే నీళ్లొస్తాయి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో ఏం జరిగిందో మన తెలుగువాళ్లు మర్చిపోలేరు. హైదరాబాదు నుంచి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగు విద్యార్థులు నీళ్లు తక్కువగా ఉన్నాయని రాళ్ల మీదికి దిగారు. ఎగువన డ్యాము నుంచి వదిలిన నీళ్లు ఒక్కసారిగా వచ్చాయి. 24 మంది పిల్లలు పోయారు. మేము ఆ నది పక్కనుంచే మనాలి వెళ్లాం. నీళ్లు ప్రశాంతంగా ఉన్నాయి. ఒడ్డున ఆగి దండం పెట్టాం గానీ కిందికి దిగలేదు. వాగులోను, డ్యాము కింద నదిలోను బండి దించకండి, గుడారం వేయకండి. అడవిలో కూడా ఎక్కడపడితే అక్కడ ఆగడానికి లేదు. మన నల్లమల పులుల అడవి. అక్కడ పొయ్యి వెలిగించడం, చెట్టు కింద పడుకోవడం నేరమూ, ప్రమాదమూ రెండూ. మేము ఎక్కువగా పెట్రోలు బంకుల ఆవరణల్లో, లారీలు ఆగే దాబాల దగ్గర, గుళ్ల సత్రాల ముందు, అడిగి అనుమతి తీసుకొని ఆగాం. అడిగితే కాదన్నవాళ్లు తక్కువ. పొద్దున్నే లేచి ఆ చోటు ఊడ్చి బయలుదేరేవాళ్లం.

నాలుగోది ఎత్తు. అయిదు వేల మీటర్ల కనుమ మీద గాలి ఒత్తిడి ఇక్కడి దాంట్లో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. ఇంజనూ రొప్పుతుంది, మనమూ రొప్పుతాం. ఇప్పుడు తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం వచ్చాక మనాలి నుంచి లాహౌల్ లోయకు చిటికెలో చేరతాం. దారి తొందరగా సాగింది కదా అని శరీరాన్నీ తొందరపెట్టకూడదు. మేము కేలాంగులో రెండు రాత్రులు ఊరికే కూర్చున్నాం. తలనొప్పి, వాంతులు తగ్గకపోతే చేయాల్సింది మాత్ర వేసుకొని ఇంకా పైకి పోవడం కాదు, కిందికి దిగిపోవడం. అక్కడ మిగిల్చుకునే రెండు రోజుల కంటే ఖరీదైన ఆదా లేదు.

పెరటి నుంచి మొదలుపెట్టండి

ఈ సామాను చేయగానే మేము లేహ్ వెళ్లలేదు. మొదటి రాత్రి మా పెరట్లోనే, బండిలో పడుకున్నాం. ఇంట్లోంచి ఏమీ తెచ్చుకోకూడదని నియమం. ఆ ఒక్క రాత్రిలో పదకొండు లోటుపాట్లు రాసుకున్నాం. తర్వాత సూర్యలంకలో ఒక రాత్రి, ఉప్పుగాలికి ఏది తుప్పు పడుతుందో తెలిసింది. నాగార్జునసాగరులో రెండు రాత్రులు. డిసెంబరులో లంబసింగిలో ఒక రాత్రి, బొంతలు చలికి ఆగుతాయో లేదో చూశాం. ఆ తర్వాతే ఉత్తరాదికి. మీరు లేహ్ వెళ్లక్కర్లేదు. పెరట్లో గడిపిన రాత్రి కూడా ప్రయాణమే.

చివరిగా సంఘానికి ఒక మనవి. మన బడిలో క్రాఫ్టు గది తాళం వేసి ఉంది. పాత రంపాలు, చిత్రికలు ఇప్పటికీ లోపల ఉన్నాయి. నా దగ్గరున్న పట్టా, గొట్టం, పడక చెక్కలు, థర్మాకోల్ పెట్టె, అన్నిటి కొలతలు ఒక కాగితం మీద గీసి కార్యదర్శిగారికి ఇచ్చాను. ఒక సెట్టు నేను చేయించి ఆ గదిలో పెడతాను. సభ్యులు ఎవరైనా పుస్తకంలో సంతకం చేసి తీసుకెళ్లొచ్చు, తిరిగి తెచ్చినప్పుడు విరిగింది బాగు చేసి ఇవ్వాలి. డబ్బు కట్టక్కర్లేదు.

శనివారాలు మధ్యాహ్నం నేను ఖాళీ. తొమ్మిదో తరగతి పిల్లలకు మూడు ముడులు, ఒక పెట్టె, ఒక ఫ్యూజు వేయడం నేర్పుతాను. ఆడపిల్లలకు తప్పకుండా నేర్పుతాను. మా ఆవిడ కుట్టు నేర్పడానికి వస్తానంది, మగపిల్లలకు కూడా. హెడ్మాస్టరుగారు తాళం ఇప్పిస్తే వచ్చే శనివారమే మొదలుపెడదాం.